కౌంటర్‌లో కూర్చోబోతున్న మా బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నరసరావుపేట దగ్గర బ్రాంచికి పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ట్రైనింగ్‌లో అంతా యాప్‌ల గోలేనట కదా, ఎంతమంది కస్టమర్లను ఫోన్‌కి అలవాటు చేస్తే అంత మంచి పేరట. "ఇక కౌంటర్‌కి వచ్చేదెవరు పెద్దమ్మా, నాకు అక్కడ పనేముంటుంది?" అన్నావు మొన్న. ఫోన్‌లో చెబితే సగం నువ్వు వినవు, సగం నేను మర్చిపోతాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందే చెబుతున్నా, మిషన్ల మీద నాకు కోపమేం లేదు. లెడ్జర్లు మోసి, సాయంత్రం లెక్క కలవక రాత్రి దాకా కూర్చున్న తరం మాది. పది పైసలు తేడా వచ్చినా ఇంటికి వెళ్లే ప్రశ్నే లేదు. కంప్యూటర్లు వచ్చాకే మాకు ఊపిరాడింది. 2016లో యూపీఐ వచ్చాక చిల్లర బాధ కూడా పోయింది. ఇప్పుడు మా వీధిలో సోడా బండి దగ్గర కూడా డబ్బు అందిందని స్పీకర్ అరుస్తోంది. ఫోన్‌లో పని చేసుకోగలిగినవాళ్లు బ్యాంకు గడప తొక్కకపోవడమే వాళ్లకీ మంచిది, నీకూ మంచిది. అలా నీకు మిగిలిన టైము ఎవరికి ఇస్తావన్నదే అసలు సంగతి. దాన్ని మళ్లీ రిపోర్టులు నింపడానికే వాడితే నువ్వక్కడ ఉన్నా లేనట్టే.

నీ దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరో చెబుతాను విను. అది మిర్చి, పత్తి పండే ప్రాంతం. కోతల రోజుల్లో కూలికి వెళ్లే ఆడవాళ్ల చేతులు చూడు, వేళ్ల మీద గీతలే కనపడవు. డబ్బు తీయడానికి ఆధార్ వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టిస్తే "మ్యాచ్ కాలేదు" అంటుంది. మళ్లీ పెట్టిస్తారు, మళ్లీ అదే మాట. వెనక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. ఆమె తప్పేదో చేసినట్టు ముడుచుకుపోతుంది. అప్పుడు "మీ ఆధార్ పనిచేయట్లేదమ్మా" అని పంపేయకు. సెన్సర్ మీద గాజును మెత్తటి గుడ్డతో తుడువు. చేతులు కడుక్కుని రమ్మను, మరీ పొడిబారి ఉంటే కాస్త తడి చేయించు. చూపుడు వేలు పడకపోతే ఉంగరం వేలు, అదీ కాకపోతే రెండో చెయ్యి. ఏ వేలు బాగా పడిందో ఆమెకి చెప్పు, వచ్చేసారి నేరుగా ఆ వేలే పెడుతుంది. ఎన్నిసార్లు చేసినా పడకపోతే ఆధార్ సెంటర్‌లో వేలిముద్రలు కొత్తగా తీయించుకోమని ఎక్కడికి వెళ్లాలో కాగితం మీద రాసివ్వు. ఈలోగా పాస్‌బుక్ తెచ్చింది కదా, ఫారం నింపించి నిశానీ వేయించుకుని డబ్బివ్వు. మిషన్ రాకముందు మేం చేసింది అదే, ఇప్పటికీ ఆ దారి మూసుకుపోలేదు.

ఇంకోటి. ఊళ్లో చిన్న మిషన్ పెట్టుకుని డబ్బిచ్చేవాళ్లలో మంచివాళ్లు చాలామందే ఉన్నారు, కానీ "పడలేదు" అని చెప్పి రెండోసారి వేలు పెట్టించి, రెండుసార్లు డబ్బు లాగేవాళ్లూ ఉన్నారు. పడలేదంటే ఆ మాట ఉన్న స్లిప్పు అడిగి తీసుకోమని, స్లిప్పు లేకుండా రెండోసారి వేలు పెట్టొద్దని కనపడిన ప్రతి మనిషికీ చెప్పు.

పెద్దవాళ్లు చాలామంది వచ్చేది డబ్బు తీయడానికి కాదు. కొంగు ముడి విప్పి, రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్ కవర్లోంచి పాస్‌బుక్ తీసి, "డబ్బులు పడ్డాయేమో చూడమ్మా" అంటారు. ఎంట్రీ వేసే మిషన్ గోడ పక్కనే ఉంటుంది. పుస్తకం ఎటు తిప్పి పెట్టాలో తెలియక దాని ముందు నిలబడిపోతారు. ఎంట్రీ వేసి ఇచ్చినా చదవలేరు, అదంతా ఇంగ్లీషు పొట్టి అక్షరాలు. "పీఎం కిసాన్ రెండు వేలు పడ్డాయి పెద్దాయనా, పోయిన గురువారం" అని నోటితో చెప్పు. అయితే ఖాతాలో ఎంతుందో మాత్రం గట్టిగా చదవకు. వెనకాలే అల్లుడు నిలబడి ఉండొచ్చు. చిన్న చీటీ మీద అంకె రాసి చూపించు, చాలు. మాట సాయం చేసేవాళ్లు కూడా ఈ చిన్న విషయం మర్చిపోతుంటారు.

బ్యాంకు పేరు విషయంలో పట్టుదలకు పోకు. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అయినా సగం ఊరు దాన్ని ఇంకా ఆంధ్రా బ్యాంకనే అంటుంది. 2025 మే 1న రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఒక్కటైపోయాయి, చైతన్య గోదావరి పేరు కూడా పోయింది. పాత పాస్‌బుక్ పట్టుకుని పాత పేరుతో అడిగితే "ఆ బ్యాంకు లేదు" అనకు. ఆ మాట విన్న పెద్దాయనకి ఆ రాత్రి నిద్ర పట్టదు, ఎందుకంటే ఆయన డబ్బు ఆ పేరు మీదే ఉంది. ఆయన పిలిచే పేరుతోనే మొదలుపెట్టి, తర్వాత కొత్త పేరు చెప్పు.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా చదువు. ఎప్పుడో ఒకరోజు రిటైరైన మాస్టారో, డాక్టరమ్మో వచ్చి, ఏళ్ల తరబడి కదల్చని ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నపళంగా బ్రేక్ చేయమంటారు. మొహంలో టెన్షన్ ఉంటుంది. ఎందుకండీ అంటే "ఇల్లు కొంటున్నాం" అనో "మావాడికి అవసరం" అనో గబగబా చెబుతారు. కళ్లు నీ వైపు చూడవు. జేబులో ఫోను కాల్‌లోనే ఉండొచ్చు, అవతలివాడు నీ మాటలన్నీ వింటూ ఉండొచ్చు. పోలీసులమని ఫోన్‌లో బెదిరించి డబ్బు గుంజడం, డిజిటల్ అరెస్ట్ అని ఇప్పుడు రోజూ పేపర్లో వచ్చేది ఇదే. అలాంటి అరెస్ట్ మన చట్టంలోనే లేదు, కానీ భయపడ్డ మనిషికి చట్టం గుర్తుకు రాదు. సిస్టమ్‌కి ఆ పనిలో తప్పేమీ కనపడదు. సంతకం కలిసింది, ఓటీపీ వచ్చింది, ఇక డబ్బు పంపేస్తుంది. మనిషి చేతులు వణుకుతున్నాయని చూడగలిగేది నువ్వు ఒక్కదానివే.

అప్పుడు నోటితో ఏమీ అడగకు. "ఫారంలో ఒక సంతకం తక్కువైందండీ" అని లోపల కూర్చోబెట్టు, మంచినీళ్లివ్వు. కాగితం మీద రాసి చూపించు: "ఫోన్‌లో ఎవరైనా ఉన్నారా? పోలీసులమని చెప్పారా?" తలూపితే చాలు, మిగతాది మేనేజరుతో కలిసి చూసుకోవచ్చు. డబ్బు అప్పటికే వెళ్లిపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు. ఎంత తొందరగా చేస్తే మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. 2024లో హైదరాబాద్‌లో స్టేట్ బ్యాంకు సిబ్బంది ఒక పెద్దాయన్ని ఇలాగే ప్రశ్నలు వేసి, డబ్బు పంపకుండా ఆపారని పేపర్లలో వచ్చింది. వాళ్లు చేసిందల్లా అనుమానం వచ్చినప్పుడు తొందరపడకపోవడం. కస్టమర్ నీ మీద కేకలు వేయొచ్చు, "నా డబ్బు నా ఇష్టం" అనొచ్చు. పడు. ఆ ఒక్కరోజు తిట్లు పడితే తప్పులేదు.

ఇక చావు కబురుతో వచ్చేవాళ్లు. భర్త పోయిన ఆడమనిషి నెల తిరక్కుండానే కొడుకునో మరిదినో వెంటబెట్టుకుని వస్తుంది. మన భాషలో దాన్ని "డిసీజ్డ్ క్లెయిమ్" అంటాం. ఆ మాట ఆమె ముందు అనకు. కూర్చోమను. కావలసిన కాగితాలన్నీ ఒకేసారి తెలుగులో రాసివ్వు. ఒకసారి డెత్ సర్టిఫికెట్ అనీ, ఇంకోసారి ఫోటో అనీ, మూడోసారి సాక్షి అనీ తిప్పితే ఒక్కో తిరుగుడుకి ఆమెకి ఒక రోజు కూలి పోతుంది. నామినీ ఉండి, కాగితాలు సరిగ్గా ఉంటే 15 రోజుల్లో తేల్చాలని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. నామినీ ఉన్నప్పుడు కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెమ్మని అడగకూడదు. తెలియని క్లర్కులు అడుగుతుంటారు, నువ్వు సరిచెయ్యి.

అసలు పని ఆ తర్వాత ఉంది. చనిపోయినాయన పాస్‌బుక్ తీసి మే, జూన్ నెలల ఎంట్రీలు చూడు. 436 రూపాయలు కట్ అయిన ఎంట్రీ ఉందా? అది జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఏ కారణంతో పోయినా కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలు కట్ అయితే అది సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. 2015లో ఈ పథకాలు వచ్చినప్పుడు మేం ఊరూరా క్యాంపులు పెట్టి సంతకాలు చేయించాం. సంతకం పెట్టినాయన ఆ సంగతి ఇంట్లో చెప్పడు. ఏటా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది, ఇంట్లోవాళ్లకి ఆ బీమా ఉందనే తెలియదు. తెలియనివాళ్లు క్లెయిమ్ ఎలా అడుగుతారు? ఖాతా మూసేసి, మిగిలిన పదకొండు వందలు ఇచ్చి పంపేస్తే ఆ 2 లక్షలు అక్కడే పోతాయి. ఆ ఎంట్రీ వెతకడానికి నీకు పట్టేది రెండు నిమిషాలు. నీ ఉద్యోగంలో ఇంకేం చేసినా చేయకపోయినా ఇది మాత్రం వదలకు. జీవన్ జ్యోతికి ఆ ప్రీమియం పడిన ఏడాదిలోనే చనిపోయి ఉండాలి, వయసు కూడా 55 లోపే ఉండాలి. అది ముందే చూసుకుని చెప్పు, లేనిపోని ఆశ పెట్టకు.

నామినీ గురించి ఇంకో మాట. 2025 నవంబర్ 1 నుంచి డిపాజిట్లకి నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయొచ్చు. ఇద్దరు కూతుళ్లున్న తల్లులకి ఇది వరం. అయితే నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషే కానీ, దానికి ఒక్కడే హక్కుదారు కాదు. వారసుల వాటా వారసులదే. ఈ తేడా తెలియక అన్నదమ్ములు కొట్టుకుంటున్నారు. ఫారం మీద పేరు రాయించేటప్పుడే ఒక్క వాక్యంలో చెప్పెయ్యి.

మంచంలో ఉన్నవాళ్ల సంగతి. మన రాష్ట్రంలో ఒకటో తారీఖున సామాజిక పింఛను ఇంటికే వెళ్లి ఇస్తున్నారు. బ్యాంకు డబ్బు దగ్గరికొచ్చేసరికి మాత్రం పెద్దాయన్ని ఆటోలో పడుకోబెట్టుకుని తెస్తుంటారు. 70 ఏళ్లు దాటినవాళ్లకి, దివ్యాంగులకి ఇంటి దగ్గరే సేవలు అందించాలని రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పింది. బ్రాంచికి రాలేని జబ్బు మనిషి ఇద్దరు సాక్షుల ఎదుట వేలిముద్ర వేసి డబ్బు తీసుకోవచ్చు. చెయ్యి పనిచేయకపోతే కాలి బొటనవేలి ముద్రయినా చెల్లుతుంది, ఆ సాక్షుల్లో ఒకరు బ్యాంకు ఆఫీసరు అయి ఉండాలి. ఆ ఒకరు నువ్వే అవ్వు. లంచ్ తర్వాత రద్దీ తగ్గగానే అటెండరుని తీసుకుని ఒకసారి వెళ్లొస్తే సరిపోతుంది. రిటైరైనవాళ్ల లైఫ్ సర్టిఫికెట్‌కైతే ఇప్పుడు ఫోన్‌లో మొహం చూపిస్తే చాలు, నవంబర్‌లో మెట్లెక్కి రానక్కర్లేదు. 80 దాటినవాళ్లు అక్టోబర్‌లోనే ఇవ్వొచ్చు. ఇలాంటి చోట యాప్ నేర్పించు, ఒక్కసారి చూపిస్తే మనవళ్లు చేసిపెడతారు. ఎక్కడ ఫోన్ చాలు, ఎక్కడ మనిషి కావాలి అన్నది పుస్తకాల్లో ఉండదు, ఆర్నెల్లు కౌంటర్‌లో కూర్చుంటే తెలుస్తుంది.

ఇంత చెప్పాను కాబట్టి దీనికి వెనకున్న ప్రమాదం కూడా చెప్పాలి. పేరు పెట్టి పలకరించి, పుస్తకం చదివి చెప్పే పిల్లవి అయ్యాక జనం నిన్ను నమ్ముతారు. పై వాళ్లకి అది వెంటనే కనపడుతుంది. "నీ మాట వింటారుగా, ఈ నెల నాలుగు పాలసీలు చేయించు" అంటారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ కోసం వచ్చిన 68 ఏళ్ల ముసలావిడ చేత, ఏటా ప్రీమియం కట్టాల్సిన పాలసీ మీద సంతకం పెట్టించడం రెండు నిమిషాల పని. ఆమె చదవదు, నీ మొహం చూసి పెడుతుంది. ఏడాది తిరిగేసరికి ప్రీమియం కట్టమని నోటీసు వస్తుంది. ఆమె నీ దగ్గరికే వస్తుంది, అప్పటికి నీకు ట్రాన్స్‌ఫర్ అయి ఉంటుంది. టార్గెట్లు ఉంటాయి, కాదనను, నేనూ మోశాను. పాలసీ అవసరమైనవాళ్లు ఊళ్లో చాలామందే ఉంటారు. టీచర్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు, ట్రాక్టరు లోన్ తీసుకునే కుర్రాళ్లు, వాళ్లని అడుగు. ఎంత కట్టాలో, ఎన్నేళ్లు కట్టాలో, మధ్యలో ఆపేస్తే ఏమవుతుందో తెలుగులో రాసిచ్చి, మర్నాడు రమ్మని పంపు. మర్నాడు రానివాళ్లకి అది అక్కర్లేదన్నమాట. టార్గెట్ తక్కువైనందుకు మీటింగ్‌లో నాలుగు మాటలు పడాల్సి వస్తే పడు, ప్రమోషన్ ఒక ఏడాది ఆలస్యమైనా కొంప మునగదు.

ఇల్లు బ్రాంచికి దగ్గర్లోనే చూసుకో. రాత్రిపూట బస్సుల మీద ఆధారపడకు. నీళ్ల బాటిల్, టిఫిన్ బాక్స్ మర్చిపోకు, లంచ్ టైములో కూడా జనం కిటికీ దగ్గరే ఉంటారు. మీ పెదనాన్న కొత్త నామినీల పేర్లు యాప్‌లోనే పెడతానని వారం నుంచి ఫోన్‌తో కుస్తీ పడుతున్నారు. నేను సోమవారం బ్రాంచికెళ్లి ఫారం ఇచ్చేసి వస్తాను. ఆదివారం ఫోన్ చెయ్యి, మొదటి వారం ఎలా గడిచిందో చెబుదువుగాని.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ