కృతజ్ఞతతో క్రిస్మస్ చెట్టు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెట్టుకోవడం గురించినవే ఎక్కువగా ఉన్నందున, ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. ప్రతి డిసెంబరులోనూ మా ఇంట్లో చెట్టు అలంకరణ హడావుడిగానే ముగిసిపోతోంది. సీరియల్ లైట్ల చిక్కు విప్పేసరికి నాకు విసుగు వస్తుంది, పైన నక్షత్రం ఎవరు పెట్టాలన్న దగ్గర పిల్లలు గొడవపడతారు, చివరికి ఒక ఫోటో తీసుకుని ఎవరి దారిన వాళ్ళం పోతాం. పోయిన ఏడాది "దేవుడు మనకు చేసిన మేళ్ళకు అందరం కృతజ్ఞతలు చెబుదాం" అని నిలబెడితే, పిల్లలిద్దరూ "ఇల్లు, ఆరోగ్యం, చదువు" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పేసి వెళ్ళిపోయారు. ఈ పనిని మనసుపెట్టి చేసుకునేదెలా?

జవాబు: అమ్మా, ఇందులో మీ పిల్లలను తప్పుపట్టవలసిందేమీ లేదు. వరసలో నిలబెట్టి కృతజ్ఞతలు చెప్పమంటే పెద్దవాళ్ళం కూడా ఇల్లు, ఆరోగ్యం అనే చెబుతాం. ఆ మాటలు అబద్ధం కావు గాని, వాటిలో ఒక మనిషి కనిపించడు, జరిగిన సంగతి ఒక్కటీ వినిపించదు. నిజమైన కృతజ్ఞత ఎవరో ఒకరు మనకోసం చేసిన ఫలానా పనిని పట్టుకునే పుడుతుంది. అందుచేత ఈసారి "దేనికి కృతజ్ఞతలు?" అని అడగడం మాని, "ఈ ఏడాది నీకోసం ఎవరు ఏం చేశారు?" అని అడిగి చూడండి. దేవుడు చేసే మేలు సాధారణంగా ఒక మనిషి చేతుల మీదుగానే మనదాకా వస్తుంది కాబట్టి, ఆ మనిషిని తలచుకున్నంత మాత్రాన దేవునికి చెల్లించవలసిన కృతజ్ఞత తగ్గిపోదు.

ఇలా పేరుపెట్టి కృతజ్ఞత చెప్పే చెట్లు లోకంలో నిజంగానే ఉన్నాయి. లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఏటా నిలబెట్టే క్రిస్మస్ చెట్టు నార్వే రాజధాని ఓస్లో నగరం పంపే కానుక. 1940లో జర్మనీ సేనలు నార్వేను ఆక్రమించినప్పుడు ఆ దేశపు రాజు ఏడవ హాకోన్, ఆయన ప్రభుత్వం లండన్‌లోనే తలదాచుకున్నారు. 1940 నుంచి 1945 వరకు అందిన ఆ సాయానికి కృతజ్ఞతగా 1947 నుంచి చెట్టు పంపుతున్నారు, ఆ సంగతిని చెట్టు దగ్గర ఫలకం మీద రాసి పెడతారు కూడా. ఇంకొకటి కెనడాది. 1917 డిసెంబరు 6న హాలిఫాక్స్ రేవులో పేలుడు పదార్థాలతో వచ్చిన ఓడ మరో ఓడను ఢీకొని పేలిపోగా దాదాపు 2,000 మంది మరణించారు. వార్త తెలిసిన అమెరికాలోని బోస్టన్ నగరం ఆ రాత్రే వైద్యులను, నర్సులను, మందులను రైలెక్కించి పంపింది. మరుసటి ఏడాది హాలిఫాక్స్ ఉన్న నోవా స్కోషియా ప్రాంతపు ప్రజలు బోస్టన్‌కు ఒక క్రిస్మస్ చెట్టు పంపారు, 1971 నుంచి ఏటా పంపుతూనే ఉన్నారు. ఎవరికి, ఎందుకు, ఎప్పటి మేలుకు అన్నది ఆ రెండు చెట్ల విషయంలోనూ స్పష్టంగా ఉంది కాబట్టే, ఆ మేలు పొందిన తరం వెళ్ళిపోయినా ఆ మాట మిగిలింది.

మీ ఇంట్లోనూ ఇదే పద్ధతి పెట్టుకోవచ్చు. చెట్టు బయటికి తీయడానికి కొన్ని రోజుల ముందే ఇంట్లో ప్రతి ఒక్కరికీ మూడు నాలుగు చిన్న అట్టముక్కలు ఇచ్చి, ఒకవైపు మనిషి పేరు, రెండోవైపు ఆ మనిషి చేసిన పని ఒక్క వాక్యంలో రాయమనండి. "నాన్నమ్మ మంచిది" అని రాస్తే వెనక్కి ఇచ్చి మళ్ళీ అడగండి. "నాన్నమ్మ మోకాళ్ళ నొప్పితో ఉండి కూడా నా పరీక్షలు అయ్యేదాకా తెల్లవారుజామున నాతోపాటు లేచి కూర్చుంది" అని రాస్తే అది చెట్టు మీదికి ఎక్కవలసిన చీటీ. చిన్నపిల్లలకు రాయడం రాకపోతే బొమ్మ గీయనివ్వండి, వాక్యం మీరు రాయండి. బడి బస్సు డ్రైవరు పేరు, వర్షంలో పక్కింటి నుంచి గొడుగు పట్టుకొచ్చిన అబ్బాయి పేరు పిల్లల చీటీల్లో వస్తాయి. మనం గమనించని మనుషులను వాళ్ళు గమనిస్తారు.

ఇక లైట్ల సంగతి. మీ విసుగంతా అక్కడే మొదలవుతోంది కనుక, ఆ పనిని కృతజ్ఞత పనితో కలపకండి. ముందురోజే పెద్దవాళ్ళెవరైనా సెట్టును నేలమీద పరిచి, వెలిగించి చూసి, పాడైనది పక్కన పెట్టి, ప్లగ్గు ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి కాండం దగ్గరగా లోపలి కొమ్మలకు చుట్టుకుంటూ పైకి వెళ్ళాలి. పిల్లలు కూర్చునే సమయానికి చెట్టు వెలుగుతూ సిద్ధంగా ఉంటే సగం గొడవ తగ్గుతుంది. బరువైన గంటలు, గాజు బంతులు కాండానికి దగ్గరగా గట్టి కొమ్మలకు, తేలికైన కాగితపు బొమ్మలు కొమ్మల చివర్లకు కట్టుకోవాలి. అప్పుడు ఒక్కొక్కరే లేచి తమ చీటీ పైకి చదివి, తామే కట్టాలి. ఒకరు చదువుతున్నప్పుడు ఇంకొకరి చెయ్యి చెట్టు మీద ఉండకూడదన్న ఒక్క నియమం చాలు.

పాత అలంకరణలను కూడా ఇలాగే చేతిలోకి తీసుకుని చూడండి. చిన్నప్పుడు పిల్లవాడు కత్తిరించిన అట్ట నక్షత్రానికి ఒక కొన వంకరగా ఉంటుంది, ఎక్కువైన జిగురు పసుపు మరకగా కనిపిస్తుంది, మెరుపుపొడి సగం రాలిపోయి ఉంటుంది. అందంగా లేదని దాన్ని పారేసే తల్లులను చూసి నాకు బాధగా ఉంటుంది. దాని వెనక పెన్సిలుతో పేరు, సంవత్సరం రాసి, దాన్ని చేయించిన టీచరు ఎవరో పిల్లవాడినే అడిగి ఆ పేరూ చేర్చండి. నక్షత్రం ఎవరు పెట్టాలన్న తగాదాకు నాకు నచ్చిన పరిష్కారం ఒకటుంది. ఆ ఏడాది ఇంట్లో ఎక్కువ కష్టపడినవారు ఎవరో అందరూ కలిసి మాట్లాడుకుని, వాళ్ళ చేత పెట్టించండి. ఆ మాటల్లోనే పిల్లలకు ఇంట్లోవాళ్ళ కష్టం తెలుస్తుంది.

ఒకటి మాత్రం చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. "లేనివాళ్ళను చూడండి, మీకు ఎన్ని ఉన్నాయో" అని పిల్లలకు చెప్పకండి. ఇతరుల లేమిని చూసి మనకు కలిగేది ఊరట మాత్రమే, దానికి కృతజ్ఞత అని పేరు పెట్టకూడదు. లేనివారి పట్ల మన బాధ్యత వేరు, దాన్ని వేరుగానే నెరవేర్చాలి.

రాయడం ఎందుకంటారేమో. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో, వారానికోసారి తమకు జరిగిన మేళ్ళను ఐదు వరకు రాసుకున్నవారు, చికాకులు రాసుకున్నవారికంటే తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తితో, రాబోయే వారం గురించి ఎక్కువ ఆశతో ఉన్నట్టు తేలింది. క్రిస్మస్‌కు ముందు ఎలాగూ నాలుగు ఆగమన ఆదివారాలు ఉన్నాయి. చెట్టును ఒక్క సాయంత్రంలో నింపేయకుండా, వారానికి కొన్ని చీటీల చొప్పున నాలుగు ఆదివారాలూ కడితే హడావుడి ఉండదు.

చీటీ కట్టడంతో పని అయిపోయిందనుకోవద్దు. లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే, తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్క సమరయుడే. మిగిలిన తొమ్మిదిమంది సంతోషపడలేదని అక్కడ రాసి లేదు, వాళ్ళు వెనక్కి రాలేదని మాత్రమే ఉంది. కాబట్టి పిల్లలు ఒక్కొక్కరూ తాము కట్టిన చీటీల్లో కనీసం ఒకదాన్ని ఆ మనిషికి వినిపించేలా చూడండి. ఫోనులోనైనా సరే, ఎదురుగా వెళ్ళి చెబితే మరీ మంచిది.

ప్రశ్న: అమ్మగారూ, నా భర్త ఈ ఏడాది మధ్యలో కాలం చేశారు. చెట్టు పెట్టడం ఎప్పుడూ ఆయన పనే. పిల్లలు ఈసారి కూడా పెట్టమంటున్నారు. పెట్టె తెరవగానే పైన ఆయన అట్టముక్కకు చుట్టి దాచిన లైట్లు కనిపించాయి, మూసేశాను. ఈ మనసుతో చెట్టు అలంకరించి కృతజ్ఞతలు చెప్పడం నటన అవుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: చెల్లెమ్మా, మీకు జరిగిన నష్టానికి మిమ్మల్ని ఎవరూ కృతజ్ఞతలు చెప్పమనకూడదు. ఎవరైనా భక్తి పేరుతో అలా అంటే ఆ మాటను పట్టించుకోవద్దు. ఆయనతో గడిచిన సంవత్సరాల పట్ల ఉన్న ప్రేమ, ఆయన లేరన్న దుఃఖం రెండూ ఒకేసారి వస్తాయి. ఏడుస్తూ తలచుకున్నంత మాత్రాన అది నటన కాదు.

పండుగ అంటే సంతోషమే కనబడాలన్న నియమం సంఘ సంప్రదాయంలోనే లేదు. పాశ్చాత్య సంఘాలు అనేకం క్రిస్మస్ తర్వాత మూడోరోజున, డిసెంబరు 28న, హేరోదు చంపించిన బేత్లెహేము పసిబిడ్డలను స్మరించుకుంటాయి. శిశువు పుట్టిన సంబరం ముగియకముందే బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల ఏడుపును మన పెద్దలు పండుగ రోజుల్లోనే నిలిపారు. మీ ఇంటి దుఃఖానికీ అక్కడ చోటుంది.

ఇక చేయవలసిన దాని సంగతి. పెట్టెను మీరే తెరవనక్కరలేదు, మీ మరిదిగారో దగ్గరి స్నేహితురాలో తెరిచి పిల్లలతో కలిసి పెట్టవచ్చు. పెద్ద చెట్టు బరువనిపిస్తే ఈ ఏడాదికి ఒక పచ్చని కొమ్మ కూజాలో పెట్టుకుంటే చాలు. ఆయన చుట్టిన లైట్లను విప్పడం మీకు ఇష్టం లేకపోతే అలాగే ఉంచి, వేరే సెట్టు వాడుకోండి. మధ్యలో నిలబడలేకపోతే లోపలికి వెళ్ళిపోండి, మిగిలింది తర్వాత రోజు చేసుకోవచ్చు. పిల్లలు మాత్రం నాన్న గురించి మాట్లాడాలని ఎదురుచూస్తూ, అమ్మ బాధపడుతుందని ఆగిపోతుంటారు. వాళ్ళకు అట్టముక్కలు ఇచ్చి నాన్న గురించి ఒక్కో సంగతి రాయమనండి. మీరు రాయగలిగితే ఆ లైట్ల గురించే రాయండి. మరుసటి ఏడాది మీకు చిక్కు పడకూడదని ప్రతిసారీ ఓపికగా అట్టకు చుట్టి పెట్టిన మనిషి ఆయన. రాయలేకపోతే ఖాళీ అట్టముక్కనే కట్టండి. అది కూడా సరిపోతుంది.

ప్రశ్న: అయ్యా, క్రిస్మస్ చెట్టు బైబిలులో లేదని, అన్యుల ఆచారమని మా సంఘంలో కొందరు పెద్దలు అంటున్నారు. యిర్మీయా 10వ అధ్యాయం చూపిస్తున్నారు. కృతజ్ఞత చెప్పడానికి ప్రార్థన చాలదా? చెట్టు ఎందుకు?

జవాబు: సోదరా, ఈ శీర్షిక రాసేది స్త్రీ కనుక మిమ్మల్ని అలా పిలుస్తున్నాను. చెట్టు బైబిలులో లేదన్నది నిజం. చలికాలంలో పచ్చని కొమ్మలతో ఇల్లు అలంకరించుకునే అలవాటు ఐరోపాలో క్రైస్తవం కంటే పాతదన్నదీ నిజమే. అయితే యిర్మీయా 10వ అధ్యాయంలోని మాటలు, చెట్టును నరికి గొడ్డలితో చెక్కి, వెండి బంగారాలు తొడిగి విగ్రహంగా నిలబెట్టి దానికి భయపడేవారిని గురించినవి. మన ఇళ్ళల్లో చెట్టుకు ఎవరూ మొక్కరు.

ఇంట్లో పెట్టే చెట్టుగా ఈ ఆచారం జర్మన్ భాష మాట్లాడే ప్రాంతాల్లో రూపు కట్టింది. అక్కడ డిసెంబరు 24ను ఆదాము హవ్వల దినంగా పాటించి, ఆపిల్ పండ్లు కట్టిన చెట్టుతో ఏదెను తోట నాటకం ఆడేవారు. 1605 నాటి ఒక వివరణ ప్రకారం స్ట్రాస్‌బర్గ్‌లో ప్రజలు ఇంట్లో ఫర్ చెట్లు నిలబెట్టి, రంగు కాగితపు గులాబీలు, ఆపిల్ పండ్లు, పలుచని రొట్టె బిళ్ళలు కట్టేవారు. మార్టిన్ లూథర్ నక్షత్రాలను చూసి చెట్టుకు కొవ్వొత్తులు పెట్టాడన్న కథకు ఆయన కాలపు ఆధారం లేదు కనుక దాన్ని వాదనకు వాడకండి. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ లండన్ పత్రికలో అచ్చయ్యాక ఇది ఇంగ్లీషు వాళ్ళ ఇళ్ళల్లో బాగా వ్యాపించింది. విద్యుద్దీపాలు 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంటి చెట్టుకు పెట్టినప్పటివి.

ప్రార్థన చాలదా అంటే, చాలుతుంది. చెట్టు లేని ఇంట్లో కృతజ్ఞతకు లోటేమీ రాదు. అయినా మామూలుగా నోరు మెదపని తండ్రులు, మోకాళ్ళూని ప్రార్థించమంటే ముడుచుకుపోయే పిల్లలు, చేతికి పని ఉన్నప్పుడు చెట్టు పక్కన మాట్లాడడం నేను చూశాను, అందుకే దీన్ని ఇష్టపడతాను. మీ ఇంట్లో ఎవరి మనస్సాక్షికైనా ఇది నిజంగా అడ్డు వస్తే మాత్రం పెట్టకండి. కృతజ్ఞత కోసం తెచ్చిన చెట్టు దగ్గర ఇల్లు రెండుగా చీలకూడదు.

ప్రశ్న: చెట్టు ఎప్పుడు తీసేయాలి? చీటీల వంటివి కడితే వాటిని ఏం చేయాలి?

జవాబు: జ్ఞానుల రాకను స్మరించే జనవరి 6తో చాలామంది తీసేస్తారు. కోసి తెచ్చిన చెట్టయితే మొదలు ఎప్పుడూ నీటిలో ఉండేలా రోజూ చూసుకోవాలి. ఆకులు పెళుసుగా రాలుతుంటే తేదీ కోసం ఆగకుండా తీసేయండి, ఎండిన చెట్టుకు నిప్పు క్షణాల్లో అంటుకుంటుంది. ఏ చెట్టయినా సరే, పడుకునే ముందు లైట్లు ఆర్పాలి. కుండీ మొక్కయితే మెల్లమెల్లగా ఎండకు అలవాటు చేస్తూ బయట పెట్టండి.

తీసేటప్పుడు గాజు బంతులను ఒక్కొక్కటిగా కాగితంలో చుట్టి పైన, బరువైనవి అడుగున సర్దండి. చీటీలను దారంతో సహా ఒక కవరులో వేసి, మీద సంవత్సరం రాసి, వచ్చే డిసెంబరులో కొత్తవి రాసే ముందు పాతవి ఒకసారి చదువుకోండి. కవరు మూసే ముందు ప్రతి చీటీ తిప్పి చూడండి. ఆ పేరుగల మనిషికి ఆ మాట ఇంకా చెప్పి ఉండకపోతే, దాన్ని కవరులో వేయకుండా ఫోను పక్కన పెట్టుకుని, చెప్పిన తర్వాతే లోపల వేయండి.