స్కూల్లో పూజకు రానంటే జరిమానా వేయొచ్చా?

ప్రశ్న: మాది కావలి. మేం క్రైస్తవులం. మా పాప ఒక ట్రస్టు నడిపే ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి చదువుతోంది. శుక్రవారం శుక్రవారం పూజ, భజన పెడతారు, పిల్లలంతా హారతి తీసుకోవాల్సిందే. వద్దన్నందుకు పాపను బయట నిలబెట్టి 50 రూపాయలు జరిమానా రాశారు. అడిగితే, అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టారుగా అంటున్నారు. మాకు రాజ్యాంగంలో రక్షణ ఉందా?

జవాబు: ఉంది. మత స్వేచ్ఛ అనగానే అందరూ 25వ అధికరణ చెబుతారు. మీకు సూటిగా పనికొచ్చేది 28(3). ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ నిధులు అందుకునే విద్యాసంస్థలో మతబోధలో పాల్గొనమని గానీ, ఆరాధనకు హాజరు కమ్మని గానీ సమ్మతి లేకుండా ఎవరినీ నిర్బంధించకూడదు. చదివేది మైనరైతే ఆ సమ్మతి సంరక్షకులు ఇవ్వాలి. కాబట్టి ‘మాకు ఎయిడ్ రాదు’ అనే జవాబు చెల్లదు, గుర్తింపు ఒక్కటి చాలు. ‘మాది ట్రస్టు’ అన్నా అంతే. ట్రస్టు మినహాయింపు ఉన్నది 28(2)లో. అది ప్రభుత్వమే నిర్వహించే కొన్ని సంస్థలకు సంబంధించింది, 28(3)ని తాకదు. మిషన్ స్కూల్లో హిందూ, ముస్లిం పిల్లల్ని చాపెల్‌కు రమ్మన్నా ఇదే నియమం.

ఇక సంతకం సంగతి. ‘సంస్థ నియమాలకు కట్టుబడి ఉంటాం’ అన్న ఒక్క వాక్యం ఆరాధనకు సమ్మతి కాదని నా అభిప్రాయం. అవతలివాళ్లు వాదిస్తారు కనుక ఆ సందు మూసేయండి. ‘సమ్మతి ఇవ్వలేదు, ఇచ్చినట్టు భావిస్తే ఈ తేదీ నుంచి ఉపసంహరించుకుంటున్నాను’ అని లేఖలో రాయండి.

లేఖలో చాలామంది చేసే పొరపాటు పూజ ఆపమనడం. ఆ హక్కు మీకు లేదు. పూజలో పాల్గొనకుండా ఉండే హక్కు మాత్రమే మీ పాపది. పూజ జరిగే పీరియడ్‌లో లైబ్రరీలోనో మరో గదిలోనో కూర్చోబెట్టమని, హాజరు తగ్గించవద్దని, జరిమానా రద్దు చేయమని అడగండి. అసెంబ్లీ, ప్రతిజ్ఞ, జాతీయ గీతం మాననివ్వవద్దు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో కేరళ పిల్లలు ముగ్గురూ జాతీయ గీతం పాడలేదు గానీ మర్యాదగా నిలబడేవారు. వాళ్లను తిరిగి చేర్చుకోమని సుప్రీంకోర్టు చెప్పడంలో ఆ నిలబడటానికి చాలా విలువ ఉంది. పాఠంలో భాగంగా వివిధ మతాల గురించి చెబితే అది మతబోధ కిందకు రాదని 2002లో అరుణా రాయ్ కేసులో తేలింది. దానిమీద తగాదా పెట్టుకోవద్దు.

లేఖ రెండు ప్రతులు రాసి, ఒకదానిమీద స్కూలు ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. జరిమానా రసీదు, డైరీలో రాసిన మాట, స్కూలు వాట్సాప్ మెసేజ్ తేదీ కనిపించేలా భద్రపరచండి. క్లాసులో వీడియో తీయమని పాపకు చెప్పొద్దు. ఆ వీడియోలు గ్రూపుల్లో తిరిగితే గొడవ మతాల మధ్యకు పోతుంది, మీ మీదే కేసు పడే ప్రమాదమూ ఉంది.

పదిహేను రోజుల్లో మార్పు లేకపోతే ఎంఈఓకు (మండల విద్యాశాఖాధికారి), నెల్లూరులో డీఈఓకు (జిల్లా విద్యాశాఖాధికారి) రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల వేదిక పీజీఆర్‌ఎస్‌లో ఇస్తే రసీదు వస్తుంది. బయట నిలబెట్టడం వేరే తప్పు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధిస్తుంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పాపను తీసేయడానికి 16వ సెక్షన్ ఒప్పుకోదు. మైనారిటీ విద్యాసంస్థలకు మాత్రం 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఈ చట్టం వర్తించదు, అక్కడ 28(3) మీదే నిలబడాలి.

అధికారులూ కదలకపోతే రాజ్యాంగం 226వ అధికరణ కింద అమరావతిలో హైకోర్టుకు వెళ్లొచ్చు. విద్యాశాఖను, డీఈఓను, స్కూలును ప్రతివాదులుగా చేర్చాలి. ముందు అర్జీ పెట్టారా అన్నది జడ్జి మొదట అడిగే ప్రశ్న, అందుకే ఆ రసీదులన్నీ. ఫీజు బకాయి ఉంటే లేఖ ఇచ్చే ముందే కట్టేయండి. లేకపోతే ఇది ఫీజు ఎగ్గొట్టడానికి పెట్టిన పేచీ అని స్కూలు రాసిస్తుంది.