గుంటలో చిక్కుకున్న చేపలకు బయటి చేపల్ని కలపొచ్చా?

ఎడారి గుంటల్లో మిగిలిన కాసిని చేపల్లో జన్యు వైవిధ్యం తగ్గితే బయటి చేపల్ని తెచ్చి కలపొచ్చా, జాతి చెడిపోదా అని అడిగారు. కలపొచ్చు, ఆలస్యం చేయకుండా కలపాలి కూడా. కాకపోతే ఎక్కడివి తెస్తున్నారో చూసుకోవాలి.

మెక్సికోలోని సొనోరాలో ఒక వాగు ఎగువ మడుగుల్లో పొసిలియాప్సిస్ మొనాకా అనే చేప ఉంటుంది, అక్వేరియం గప్పీలకు చుట్టం. దాని సంకర జాతి చేపలూ అక్కడే ఉంటాయి. అన్నీ ఆడవే, తల్లికి నకళ్లుగా పుడతాయి, కానీ గుడ్డు ఎదగాలంటే మొనాకా మగచేప వీర్యం కావాలి. 1976 కరవుకు ఎగువ మడుగు ఎండింది. నీళ్లొచ్చాక కొద్ది మొనాకాలే పైకి చేరాయి, వాటి సంతానమంతా ఒకే అచ్చు. పరాన్నజీవి పురుగు పిల్లలు చర్మంలో గూడు కట్టే నల్ల చుక్కలు మొనాకాల మీదే దట్టంగా కనిపించాయి. మడుగు నకళ్లపాలైంది. 1983లో రాబర్ట్ వ్రైయెన్‌హుక్ అనే జీవశాస్త్రవేత్త దిగువ నుంచి 30 ఆడ మొనాకాల్ని తెచ్చి వదిలి, అన్నే పాతవాటిని తీసేశారు. కొన్నేళ్లలోనే మొనాకాలు తేరుకున్నాయి, చుక్కలు నకళ్ల మీదికి మారాయి.

30 ఎలా సరిపోయాయంటే, ఈ కుటుంబంలో ఆడచేప వీర్యాన్ని దాచుకుంటుంది. కడుపుతో ఉన్నదాన్ని తెస్తే ఒకటికి మించి మగచేపల జన్యువులు వెంట వస్తాయి. పైగా అవి అదే వాగువి.

తలలు లెక్కపెట్టి సంబరపడేవాళ్లతోనే చిక్కు. సంతానానికి నిజంగా పనికొచ్చేవి 10 అయితే తరానికి 5 శాతం వైవిధ్యం పోతుంది, పది తరాలకు 40 శాతం దాకా. ఆ తర్వాత చేపలు వేలకు పెరిగినా పోయింది తిరిగి రాదు.

ఇంకో గొడవ గంబూసియా. మన ఊళ్లలో దోమల కోసం చెరువుల్లో వదిలేస్తుంటాం చూడండి, అదే. అమెరికాలోని అరిజోనాలో గీలా టాప్‌మిన్నో అనే చిన్న చేపను చాలా ఊటల్లో తుడిచిపెట్టింది అదే. అది ఉన్న నీళ్లలో జన్యువుల లెక్కలు వేసుకుని ఏం లాభం? ముందు దాన్ని తీయాలి.

కలపకూడని చోటు నెవాడాలో ఉంది. డెవిల్స్ హోల్ అనే గుంటలోని పప్‌ఫిష్ అనే చిన్న చేపకు దిగువంటూ లేదు, ఉన్నది ఆ ఒక్క గుంటే. 2013లో లెక్కకు 35 తేలాయి. వాటికి రక్షణగా పాయింట్ ఆఫ్ రాక్స్ దగ్గర కట్టిన తొట్టిలోకి పక్క ఊటలోని పప్‌ఫిష్ కొన్ని దూరాయి, కొన్నేళ్లకే తొట్టంతా సంకరం. అందుకే ఇప్పుడు డెవిల్స్ హోల్ నుంచే అచ్చమైన గుడ్లను ఏరి వేరే ట్యాంకులో పెంచుతున్నారు. అందులోనూ గుడ్లను నీటి పురుగులు మేసేస్తున్నాయని తేలింది కాబట్టి, కొన్నిటిని బయటికి తీసి విడిగా పొదిగిస్తున్నారు.