తోపులో చిన్న ఇల్లు

ప్రశ్న: బంగారుపాళెం దగ్గర మాకు అరెకరం మామిడి తోపుంది. రిటైరయ్యాను కాబట్టి అందులో 300 చదరపు అడుగుల్లో ఒక ఇల్లు వేసుకుందామని ఆశ. ‘చిన్నిల్లు’ అనగానే మా ఆవిడ ఉరిమి చూసింది గానీ, ప్లాను చూశాక ఒప్పుకుంది. బోరు, కరెంటు లైను లేకుండా వాన నీళ్లతో, సోలార్‌తో గడుస్తుందా? చెట్ల కింద కడితే చల్లగా ఉంటుంది కదా?
– ఒక రిటైర్డ్ టీచర్, చిత్తూరు

జవాబు: అయ్యవారూ, ముందు చెట్ల సంగతి చెబుతాను. నేనూ నీడకు ఆశపడి పెద్ద బేనిషా చెట్టు కింద గది కట్టుకున్నవాణ్ణే. పూతకు తేనెమంచు పురుగు పడింది. అది విసర్జించే జిగట రాలి, మిద్దె మీద అడుగేస్తే చెప్పులు అంటుకుపోయేవి. ఆ బంక మీద మసి తెగులు. సోలార్ పలకల మీదా అదే నలుపు. పక్క తోపువాళ్లు కొట్టిన మందు తుంపర్లు కూడా మా మిద్దె మీదే. ఏప్రిల్‌లో మొదటి వానకు సంపులోకి దిగిన నీళ్లు డికాక్షన్ రంగులో ఉన్నాయి. మొత్తం తోడి పారబోశాం.

కొమ్మలకు 20 అడుగులైనా ఎడంగా, ఎండలోనే కట్టండి. మిద్దె మీద తెల్ల టైల్స్ ముక్కలు పరిస్తే చల్లగానూ ఉంటుంది, కడగడమూ సులువు. గొట్టానికి వాల్వు పెట్టి వేసవి జల్లులను బయటికి వదిలేయండి. మిద్దె కడిగి, అక్టోబరు నుంచి పడే వానలు పట్టండి.

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు. మీ మిద్దె 28 చదరపు మీటర్లు. ఏడాదికి 900 మిల్లీమీటర్లనుకుని, అంతా పట్టినా, పోయేది పోగా 20 వేల లీటర్లు మిగులుతాయి. ఇద్దరూ రోజుకు 200 వాడితే నూరు రోజుల్లో సంపు ఖాళీ. బోరు వద్దనే పంతం మానండి. తాగడానికి, వంటకు మాత్రమైతే రోజుకు 20 చాలు. 10 వేల లీటర్ల సంపు కట్టుకుంటే ఏడాది దాటుతుంది.

1 కిలోవాట్ సోలార్ మంచి ఎండలో రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తుంది. రెండు ఫ్యాన్లకు, లైట్లకు, చిన్న ఫ్రిజ్‌కు ఇబ్బంది లేదు. లైను గట్టు దాకా వచ్చి ఉంటే మాత్రం కలుపుకోండి. ఇంటి మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ లైనుకు కలిపినవాటికే. కాకపోతే బ్యాటరీ లేకుంటే కరెంటు పోయినప్పుడు అదీ ఆగుతుంది.

గది తగ్గించినా తిన్నె తగ్గించకండి. కాయల సీజన్లో వచ్చే చుట్టాలను ఇంకెక్కడ కూర్చోబెడతారు?