మావాడు హేచరీ పెడతానంటున్నాడు, మిషన్ కొనిపెట్టమంటారా?

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. మావాడు ఇంటర్ బైపీసీ పాసయ్యాడు, వెటర్నరీ సీటు రాలేదు. నాటుకోడి పిల్లల హేచరీ పెడతానని పట్టుబట్టాడు. ఏప్రిల్‌లో 30 గుడ్ల చిన్న ఇంక్యుబేటర్ తెచ్చి పెడితే ఐదే పిల్లలు లేచాయి. అదే నెలలో మా ఇంటావిడ 11 గుడ్లతో పెట్టను పొదగేస్తే తొమ్మిది పిల్లలు చేసింది. అయినా వాడు 500 గుడ్ల మిషన్ కావాలంటున్నాడు. లక్ష రూపాయలు దాచాను. ఇమ్మంటారా, డిగ్రీలో చేర్పించమంటారా?

జవాబు: లక్ష ఇప్పుడే తీయకండి. అలాగని అమ్మ గెలిచింది, నువ్వు ఓడిపోయావని అబ్బాయిని ఎగతాళి చేయకండి. ఆ ఐదు పిల్లల లెక్క వాడికి పెద్ద పాఠం, సరిగ్గా చదువుకుంటే.

మీ ఉత్తరంలో రెండు విషయాలు లేవు. మిషన్‌లో పెట్టేదాకా గుడ్లు ఎక్కడ, ఎన్నాళ్లు దాచాడు? మిషన్ ఏ గదిలో ఉంది? మీ వైపు ఏప్రిల్‌లో ఎండ 40 దాటుతుంది. పాతిక డిగ్రీలు దాటిన చోట గుడ్డు ఉంచితే లోపలి పిండం అరకొరగా ఎదగడం మొదలుపెట్టి, నీరసించి చస్తుంది. పైకి గుడ్డు నిగనిగలాడుతూనే ఉంటుంది. పొదిగించే గుడ్డు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో, వారం లోపే ఉండాలి. మీ ఆవిడ గుడ్లు ఎక్కడ పెట్టారో ఒకసారి అడగండి. నీళ్ల కుండ పక్కనో, తడి ఇసుక తట్టలోనో అయ్యుంటుంది. ఆమె చేసింది అదే శాస్త్రం.

ఇక మిషన్. దానికి కావలసింది 37.5 నుంచి 37.8 డిగ్రీలు. చిన్న ఇంక్యుబేటర్‌కు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. రేకుల గదిలో 42 ఉంటే బల్బు ఆరిపోయినా లోపల అంతే కాగుతుంది. పెట్ట అలా కాదు, ఉక్క ఎక్కువైతే లేస్తుంది, గుడ్లను కాలితో కదుపుతుంది, మళ్లీ కూర్చుంటుంది. పక్కన నీళ్లు, నీడ మాత్రం ఉండాలి, పేలు పట్టకుండా చూసుకోవాలి.

తేమ మరో తంటా. మీ వైపు వేసవి గాలి పొడిగా ఉంటుంది, గుడ్డులో నీరు ఇట్టే ఇగిరిపోయి పిల్ల పొరకు అతుక్కుపోతుంది. కోస్తాలో దీనికి తలకిందులు, తేమ మరీ ఎక్కువ. 18 రోజుల్లో గుడ్డు బరువు 11 నుంచి 13 శాతం తగ్గాలన్నది కొండగుర్తు. అబ్బాయికి ముందు ఒక చిన్న తూకం మిషన్ కొనివ్వండి, లక్ష అవసరం లేదు.

మరి పెట్టతోనే సాగుతుందా? సాగదు. ఒక పెట్ట పది పన్నెండు గుడ్లకు మించి పొదగలేదు. పిల్లలతో తిరిగే రెండు మూడు నెలలూ గుడ్డు పెట్టదు. ఒకేసారి 500 గుడ్లు పొదిగించాలంటే 40కి పైగా పెట్టలు ఒకే వారంలో కూర్చోవాలి, అది జరిగే పని కాదు. పైగా హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తెచ్చిన వనరాజా, గ్రామప్రియ లాంటి కోళ్ల రకాలు గుడ్లు బాగా పెడతాయి కానీ పొదుగుకు కూర్చోవు. కాబట్టి వ్యాపారం చేయాలంటే మిషన్ తప్పదు. అబ్బాయి ఆలోచన తప్పు కాదు, తొందరే తప్పు.

డిగ్రీయా, హేచరీయా అని మీరు రెండే దారులు చూస్తున్నారు. మధ్యలో మూడోది ఉంది. తిరుపతి వెటర్నరీ విశ్వవిద్యాలయం కింద పశు సంవర్ధక పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. పదో తరగతి అర్హత, రెండేళ్ల డిప్లొమా. వయసు పరిమితి ఉంటుంది, ఇంటర్ పాసైనవారిని తీసుకుంటారో లేదో కూడా ఈ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. కోళ్ల జబ్బులు, టీకాలు, దాణా అందులో నేర్పుతారు. సచివాలయ పశు సంవర్ధక సహాయకుల పోస్టులకు అర్హతల్లో ఇదొకటి, ప్రైవేటు హేచరీలలో సూపర్‌వైజర్ పనికీ పనికొస్తుంది. మామూలు డిగ్రీ వద్దని కాదు గానీ, కోళ్ల మీద మనసున్నవాణ్ణి బీకాంలో కూర్చోబెట్టి ఏం సాధిస్తాం?

కేంద్ర ప్రభుత్వ పథకం జాతీయ పశుధన మిషన్‌లో పెరటి కోళ్ల ఫారం, హేచరీలకు 50 శాతం సబ్సిడీ ఉంది, 25 లక్షల వరకు. అయితే అది వెయ్యి పేరెంట్ కోళ్ల (పొదిగించే గుడ్ల కోసం పెంచే కోళ్ల) యూనిట్‌కు, మిగతా సగం బ్యాంకు అప్పో, మన జేబో. ఐదు పిల్లల అనుభవంతో దాని జోలికి పోతే ఇంటిల్లిపాదికీ టెన్షన్.

ఈలోగా ఒక పని చేయమనండి. వానలు పడ్డాక పెట్ట మళ్లీ పొదుగుకు కూర్చునే రోజు చూసి, ఒకేచోట దాచిన గుడ్లలో పన్నెండు దాని కింద, మిగతావి మిషన్‌లో పెట్టాలి. మిషన్ రేకుల గదిలో వద్దు, మిద్దె కిందనో కొట్టం నీడలోనో ఉండాలి. ఏడో రోజు టార్చితో చూసి పిండం లేనివి తీసేయాలి, 18వ రోజు తిప్పడం ఆపి తేమ పెంచాలి. 21వ రోజు రాత్రి మిషన్ పిల్లల్లో కొన్నిటిని పెట్ట రెక్కల కిందికి నెడితే అదే పెంచుతుంది, ఆ మేరకు పిల్లలకు వెచ్చదనమిచ్చే బ్రూడర్ కరెంటు మిగులుతుంది. వచ్చే ఏడాది మే నెలలో ఇంకోసారి ఇదే చేయాలి. రెండు లెక్కలూ నోటుబుక్కులో రాసి పంపమనండి, 500 గుడ్ల మిషన్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.