విదేశాల్లో బ్రాంచి బ్రాంచికీ తిరిగే సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగం ఎలా ఉంటుంది?

దుబాయ్‌లో ఆఫర్ వచ్చింది, నెలలో సగం రోజులు ఆఫ్రికా బ్రాంచిలు తిరగాలట, వెళ్ళనా వద్దా అని అడిగారు. 2015 నుంచి 2021 దాకా నేను చేసింది అదే పని. గది దుబాయ్‌లో, పని కెన్యాలోని నైరోబి, మొంబాసాల్లో, ఉగాండాలోని కంపాలాలో.

సర్వర్లు ఎక్కడైనా ఒకటే, వాటితో పెద్ద ఇబ్బంది లేదు. నన్ను ముప్పుతిప్పలు పెట్టినవి కరెంటు, గడియారం.

గడియారం ఏంటంటారా? మొంబాసాకి మొదటిసారి వెళ్ళినప్పుడు, రాత్రి కరెంటు తీసే పనేమైనా ఉందా అని జనరేటర్ చూసుకునే ఆయన్ని అడిగాను. 'సా న్నె ఉసీకు' అన్నాడు. అక్కడి స్వాహిలీ భాషలో న్నె అంటే నాలుగు, ఉసీకు అంటే రాత్రి అని అప్పటికే నేర్చుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి కదా, ఈలోపు మన పని అయిపోతుందిలే అని రాత్రి తొమ్మిదిన్నరకి స్టోరేజ్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్, అంటే డేటా దాచే పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్ మార్చే పని, మొదలుపెట్టాను. మధ్యలో కరెంటు పోకూడని పని అది. సరిగ్గా పదింటికి చీకటి! యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయి ఉన్నాయి. స్వాహిలీలో గంటల లెక్క పొద్దు పొడుపు నుంచి ఒకసారి, పొద్దు గుంకాక ఇంకోసారి మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్ళకి ఒంటిగంట, రాత్రి నాలుగంటే మన పది. ఆయన తప్పేమీ లేదు. ఆ పెట్టెను నడిపే కంట్రోలర్ కార్డు పాడైపోయింది. కొత్తది దుబాయ్ నుంచి వచ్చి, కస్టమ్స్‌లోంచి బయటపడేసరికి ఐదు రోజులు. ఆ ఐదు రోజులూ బాసు ఫోన్ల టెన్షన్ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఎవరిని టైమ్ అడిగినా చేతివాచీ చూపించే అడిగేవాణ్ణి.

వెళ్ళేట్టయితే ఎల్లో ఫీవర్ టీకా పది రోజుల ముందే వేయించుకోండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచండి, అది లేకుండా ఇండియాలో దిగితే క్వారంటైన్‌లో పెట్టే అవకాశం ఉంది. కెన్యాలో కొద్ది రోజుల పనికి స్పెషల్ పాస్ అని వేరే ఉంది. 'టూరిస్టునని చెప్పెయ్, ఏం కాదు' అని కంపెనీ అంటే ఒప్పుకోకండి, పట్టుబడితే కౌంటర్ దగ్గర నిలబడేది మీరే.

బ్యాగులో కన్సోల్ కేబుళ్ళు (నెట్‌వర్క్ పరికరాలకి ల్యాప్‌టాప్ నేరుగా తగిలించే వైర్లు) రెండు, అవి పనిచేయడానికి కావాల్సిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ముందే ల్యాప్‌టాప్‌లో ఉంచుకోండి. నెట్ బాగుచేయడానికి వెళ్ళి డ్రైవర్ కోసం నెట్ వెతుక్కున్నాను ఒకసారి, అందుకే చెబుతున్నా. తిండికి భయం లేదు. ఉగాలీ అంటే తెల్ల సంకటే, మా కడపవాళ్ళకి రెండో రోజుకే అలవాటవుతుంది.

రోజుభత్యం ఎంతో, సెలవురోజు పనిచేస్తే బదులు సెలవు ఇస్తారో లేదో ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోండి. నేను రాయించుకోలేదు. అప్పట్లో దుబాయ్‌లో సెలవు శుక్ర, శనివారాలు, కెన్యాలో శని, ఆదివారాలు. శుక్రవారం కెన్యావాళ్ళు పని చెప్పేవాళ్ళు, ఆదివారం దుబాయ్‌వాళ్ళు. 2022 నుంచి దుబాయ్‌లోనూ శని, ఆదివారాలే కాబట్టి ఆ ఒక్క బాధ మీకు ఉండదు.