మెదడు తెలిస్తే మనసు తెలిసినట్టేనా?

ప్రశ్న: పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా నాన్నగారి స్వభావమే మారిపోయింది. ఎంతో శాంతంగా ఉండే ఆయన ఇప్పుడు చిన్న మాటకే మండిపడుతున్నారు. మెదడులో కొంత భాగం దెబ్బతింటే మనిషే మారిపోతున్నాడంటే, మనసన్నది మెదడు చేసే పనే తప్ప వేరేమీ కాదనుకోవాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పక్షవాతం తరువాత కోపం, దిగులు, ఉన్నట్టుండి ఏడుపు రావడం చాలామందిలో కనిపించేవే. వీటికి చికిత్స ఉంది కనుక న్యూరాలజిస్టుకు తప్పక చెప్పండి.

మనసు మెదడు మీద ఆధారపడి ఉందనడంలో సందేహం లేదు. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి 1953లో మూర్ఛ తగ్గించడానికి శస్త్రచికిత్స చేసి, మెదడుకు రెండు వైపులా ఉండే హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తొలగించారు. మూర్ఛలు తగ్గాయి గానీ, ఆ తరువాత కలిసిన మనిషి గానీ జరిగిన సంగతి గానీ ఆయనకు గుర్తుండేది కాదు. అద్దంలో మాత్రమే తన చేతిని చూసుకుంటూ, నక్షత్రం బొమ్మ అంచుల మధ్య పెన్సిల్‌తో గీత గీయమని మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయనను అడిగారు. రోజు రోజుకూ తప్పులు తగ్గి చేయి తిరిగింది. ఆ పని అంతకు ముందు చేసినట్టు మాత్రం ఆయనకు తెలియదు. మనం ఒక్కటే అనుకునే జ్ఞాపకశక్తిలో వేర్వేరు ఏర్పాట్లున్నాయని ఎంత ఆత్మపరిశీలన చేసుకున్నా తెలిసేది కాదు.

అయితే ఆధారపడడం వేరు, వివరణ దొరకడం వేరు. సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగుకు ఉన్నవి 302 నాడీకణాలే. వాటి అనుసంధానాల పటం 1986లోనే వెలువడింది. అయినా ఆ పటం ఒక్కటే చూసి పురుగు నడవడిక అంతా చెప్పడం నేటికీ సాధ్యం కాలేదు. మన మెదడులోనో, అవి సుమారు 8,600 కోట్లు.

ఇది లెక్కకు సంబంధించిన చిక్కు, ఎప్పటికైనా తీరవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. పంటినొప్పి సంకేతం ఏ నరం గుండా ఎక్కడికి చేరుతుందో చెప్పగలం. ఆ సంకేతం బాధగా ఎందుకు అనుభవానికి వస్తుందో చెప్పలేకపోతున్నాం. తత్వవేత్త డేవిడ్ చామర్స్ దీనినే కఠిన సమస్య అన్నారు. చైతన్యానికి మెదడులో ఉన్న మూలం 25 ఏళ్లలో తేలుతుందని నాడీశాస్త్రవేత్త క్రిస్టోఫ్ కోచ్ 1998లో ఆయనతో పందెం కాసి, 2023లో ఓటమి ఒప్పుకుని వైన్ సీసాలు ఇచ్చుకున్నారు. దీనితో ఆత్మవాదం గెలిచిందని కొందరు సంబరపడ్డారు గానీ, తెలియని చోటల్లా ఆత్మను కూర్చోబెడితే అదీ వివరణ కాదు: శరీరం లేని ఆత్మకు పంటినొప్పి ఎలా తెలుస్తుందన్న ప్రశ్న అప్పుడూ మిగిలే ఉంటుంది.